అచ్చమాంబ గారి పుస్తకం, అత్తయ్య పదహారో ఎక్కం

పోయిన ఏడాది దసరా సెలవులకి ముందు మా వాడికి సోషల్ పరీక్ష. అయిదో తరగతి. వంటింటి గుమ్మంలో కూర్చుని గడగడా అప్పజెబుతున్నాడు. రాజులు, యుద్ధాలు, సంవత్సరాలు. మధ్యలో ఆగి, "అమ్మా, అప్పుడు ఆడవాళ్ళు ఏం చేసేవాళ్ళు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తయ్య "ఏం చేస్తారురా, వండిపెట్టేవాళ్ళు" అన్నారు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా పాప ఊరుకోలేదు. "రుద్రమదేవి లేదా? ఝాన్సీ లక్ష్మీబాయి లేదా?" అంది. వాడు, "వాళ్ళు రాణులు కదా అక్కా. నేనడిగింది మామూలు ఆడవాళ్ళ గురించి" అని మళ్ళీ యుద్ధంలోకి వెళ్ళిపోయాడు.

నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయాను. డిగ్రీలో నాకు హిస్టరీ ఒక సబ్జెక్టు. అయినా రాణులు కాని ఆడవాళ్ళ పేర్లు నాలుగు చెప్పమంటే తడుముకోవాల్సి వచ్చింది. పాఠ్యపుస్తకం తిరగేశాను. పాఠం చివర గడి కట్టి, అందులో ఒకావిడ ఫొటో, కింద నాలుగు వాక్యాలు. పరీక్షలో రాదని పిల్లలు వదిలేసేది ఆ గడినే.

అప్పుడు అనుకున్నాను, ఇది బడి మీదకి నెట్టే పని కాదు, ఇంట్లోనే మొదలుపెట్టాలి అని. రాత్రి భోజనాలయ్యాక అరగంట. టీవీ కట్టేసి పుస్తకం తియ్యడం. మొదటి రెండు రోజులూ ఇద్దరూ మొహాలు ముడుచుకున్నారు. అత్తయ్య దేవుడి వత్తులు చేసుకుంటూ ఓ పక్కన కూర్చునేవారు. "ఇప్పుడు అందరూ చదువుకుంటూనే ఉన్నారుగా, ఎప్పటివో ఎందుకమ్మాయ్" అన్నారు. నేనేమీ అనలేదు.

మొదటి పుస్తకం బండారు అచ్చమాంబ గారి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. ఆడవాళ్ళ జీవిత చరిత్రలు ఒకచోట చేర్చి ఒక తెలుగు ఇల్లాలు రాసిన పుస్తకం. 1901లో అచ్చయింది. ఆడవాళ్ళు తెలివితక్కువవాళ్ళు, చదువుకుంటే చెడిపోతారు అనే మాటలు అబద్ధమని చూపించడానికే దీన్ని రాశానని ఆవిడ చెప్పుకున్నారు. వాదించి కాదు, బతికి చూపించిన వాళ్ళ కథలు వరసగా పెట్టి. మూడు భాగాలుగా రాయాలని ఆవిడ కోరిక. మన దేశ చరిత్రలోని స్త్రీలు ఒక భాగం, వేద పురాణ కాలాల వాళ్ళు ఇంకో భాగం, విదేశీ స్త్రీలు మరో భాగం. ఆ పని పూర్తి కాకుండానే 1905లో పోయారు. అప్పటికి ఆవిడ వయసు ముప్పయ్యేళ్ళు.

పుస్తకం గ్రాంథికంలో ఉంటుంది. పిల్లలకి యథాతథంగా చదివితే రెండో పేజీకి నిద్రపోతారు. అందుకని నేను మధ్యాహ్నం చదువుకుని, రాత్రి నా మాటల్లో చెప్పేదాన్ని. అయితే పుస్తకంలోని కథల కంటే, రాసినావిడ కథే మా పిల్లలకి ఎక్కువ పట్టుకుంది.

అచ్చమాంబ గారు 1874లో నందిగామలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. చిన్నప్పుడే పెళ్ళి కూడా. బడికి వెళ్ళి చదువుకున్నది లేదు. భర్త ఉద్యోగం నాగపూర్ వైపు. తమ్ముణ్ణి తన దగ్గర పెట్టుకుని చదివించారు. తమ్ముడు పాఠాలు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తానూ నేర్చుకున్నారు. అలా తెలుగు, హిందీ, మరాఠీ వచ్చేశాయి. తర్వాత మరికొన్ని భాషలు. ఆ తమ్ముడు ఎవరో కాదు, కొమర్రాజు లక్ష్మణరావు గారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తయారు చెయ్యడానికి పూనుకున్న మనిషి. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టిన వాళ్ళలో ఒకరు. ఆ గ్రంథాలయం పెట్టింది కూడా 1901లోనే. ఒకే ఏడాది తమ్ముడు గ్రంథాలయం పెట్టాడు, అక్క పుస్తకం తెచ్చింది. తమ్ముడి పేరు మా పాప క్విజ్ పుస్తకంలో ఉంది. అక్క పేరు లేదు.

"మరి అక్క పేరు ఎందుకు లేదు?" అన్నాడు మా వాడు. మా ఇంట్లో చరిత్ర నిజంగా మొదలైంది ఆ ప్రశ్నతోనే అనుకుంటాను.

ఆవిడ 1902లో రాసిన ‘ధనత్రయోదశి’ కథ కూడా చెప్పాను. డబ్బుకి కటకటలాడే ఇంట్లో, తప్పుదారి పట్టబోయిన భర్తని భార్య ఆపే కథ. చిన్నది, ఒక్క రాత్రిలో అయిపోతుంది. తెలుగులో మొదటి కథ రాసింది అచ్చమాంబ గారేనని వాదించే పరిశోధకులు చాలామందే ఉన్నారు. మా పాప తెలుగు నోటుబుక్కు అట్ట వెనక ఆవిడ పేరు రాసుకుంది.

తర్వాత వారం రాససుందరీ దేవి. బెంగాల్లో పంతొమ్మిదో శతాబ్దపు మొదట్లో పుట్టిన ఇల్లాలు. పన్నెండేళ్ళకే కాపురం. ఇంటెడు చాకిరీ. ఆడది అక్షరం ముట్టుకుంటే ఇంటికి అరిష్టం అనుకునే రోజులు. ఆవిడకి చైతన్య భాగవతం చదవాలని కోరిక. భర్త పుస్తకంలోంచి ఒక పుట తీసి వంటింట్లో దాచుకుంది. పెద్దకొడుకు అక్షరాలు దిద్దుకున్న ఆకు ఒకటి సంపాదించింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఈ గుర్తూ ఆ గుర్తూ ఒకటేనా అని పోల్చుకుంటూ, ఎవరూ చూడకుండా చదవడం నేర్చుకుంది. తర్వాత తన జీవితం తానే రాసింది. ‘అమార్ జీబన్’, 1876లో అచ్చయింది. బెంగాలీలో తొలి ఆత్మకథగా దాన్ని చెబుతారు.

ఇది చెబుతున్నప్పుడు వత్తులు చేస్తున్న చెయ్యి ఆగిపోవడం చూశాను. అత్తయ్య ఏమీ అనలేదు. "వంటింట్లో ఎక్కడ దాచిందిట?" అని మాత్రం అడిగారు.

మూడో పేరు రొకేయా బేగం. 1880లో రంగపూర్ దగ్గర పుట్టింది. ఇంట్లో ఆడపిల్లలకి బెంగాలీ, ఇంగ్లీషు నేర్పరు. అందరూ పడుకున్నాక అన్నయ్య దీపం దగ్గర కూర్చోబెట్టి నేర్పాడు. ఆవిడ రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసు నుంచి వచ్చే ఒక స్త్రీల పత్రికలో అచ్చయింది. ఆ కథలో మగవాళ్ళు ఇంట్లో పరదా చాటున ఉంటారు, ఆడవాళ్ళు దేశాన్ని ఏలుతుంటారు. ఎండ వేడిని పట్టి దాచుకుంటారు, మబ్బుల్లోంచే నీళ్ళు తీసుకుంటారు. చెన్నైలోని తారా బుక్స్ వాళ్ళు గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలతో దీన్ని అందంగా వేశారు. బొమ్మలు చూసి మా వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, "నిజంగా మమ్మల్ని లోపల పెడితే ఎలా?" అన్నాడు. వాడి మొహంలో ఆ కాస్త భయం చూడటానికైనా ఆ పుస్తకం కొనచ్చు.

ఇక్కడ ఒక మాట. ఆడవాళ్ళ చరిత్ర అంటే ఆడపిల్లలకి ఇచ్చే పుస్తకం అనుకుంటాం. నేనూ మొదట పాపకే అనుకున్నాను. కానీ ఎక్కువ ప్రశ్నలడిగింది మా వాడే. కారణం కూడా తెలిసింది. ఈ కథల్లో తమ్ముడున్నాడు, అన్న ఉన్నాడు, అక్షరాలు దిద్దుకునే కొడుకున్నాడు. వాడికి నిలబడటానికి ఒక చోటు దొరికింది.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ ఇద్దరికీ సమానంగా నచ్చింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్ళు. ఖద్దరు ప్రదర్శన దగ్గర టిక్కెట్టు చూసి లోపలికి పంపే వాలంటీరు. టిక్కెట్టు లేకుండా వచ్చిన నెహ్రూ గారిని ఆపేసింది. ఆయన కోప్పడకపోగా మెచ్చుకున్నారు. పిల్లలకి ఈ సంఘటన చెప్పి ఆపకూడదు. బాల్యవివాహాన్ని కాదని బయటికొచ్చిన ఆ అమ్మాయే తర్వాత లాయరైంది, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి మెట్రిక్ పరీక్షకి తయారు చేయించింది. ఆ చివరి మాట దగ్గర అత్తయ్య, "అలాంటివి మద్రాసులోనే ఉండేవేమో. మా ఊళ్ళో ఎవరు చెప్పారు" అన్నారు. నేను తలెత్తి చూసేసరికి ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఎండాకాలం వచ్చింది. అత్తయ్య వాళ్ళ అన్నయ్య ఏటా తెనాలి దగ్గర పల్లె నుంచి ఆవకాయ కాయలు తీసుకుని వస్తారు. రిటైరయిన హెడ్మాస్టారు. పిల్లలకి ఆయనంటే ప్రాణం. రాత్రి డాబా మీద పడుకోబోతూ మా పాప అచ్చమాంబ గారి కథ ఆయనకి చెప్పింది. చెప్పి, మామూలుగా అడిగినట్టే అడిగేసింది. "తాతయ్యా, మరి నువ్వు హైస్కూలుకి వెళ్ళేటప్పుడు నానమ్మకి ఎందుకు నేర్పలేదు?"

నాకు గుండె జారింది. పిల్లల్ని చరిత్ర ప్రశ్నలు అడగమన్నది నేనే. అవి మన డాబా మీదకే వస్తాయని అనుకోలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేర్పాలని తోచలేదమ్మా. అదడిగింది కూడా. నాకు పరీక్షలున్నాయన్నాను" అన్నారు. అత్తయ్య అటు తిరిగి పడుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఉన్నన్నాళ్ళు సంతోషంగా ఉండి వెళ్ళే పెద్దాయన్ని నొప్పించామా, ఎప్పుడో మానిన పుండు రేపామా అని.

తెల్లారి మామిడికాయలు కొట్టించి, ముక్కలు తుడుస్తూ కూర్చున్నాం. ఎవరూ అడక్కుండానే అత్తయ్య మొదలుపెట్టారు. వాళ్ళ ఊళ్ళో అయిదు వరకే ఉండేదిట. హైస్కూలు పక్క ఊళ్ళో. అన్నయ్య సైకిలు వెనక కూర్చుని వెళ్ళేవారుట. వాళ్ళమ్మకి పురుడొచ్చింది, చంటిదాన్ని ఎత్తుకోవడానికి ఈవిణ్ణి మాన్పించారు. అన్నయ్య పెరట్లో ఎక్కాలు గట్టిగా చదువుతుంటే, ఉయ్యాల ఊపుతూ ఈవిడ లోపల్నించి విని నేర్చుకున్నారు. పాల లెక్క, చీటీ లెక్క ఈవిడ కాగితం లేకుండా ఎలా చెబుతారా అని పెళ్ళయిన కొత్తలో నేను ఆశ్చర్యపోయేదాన్ని. పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి ఎప్పుడూ అడగలేదు. మా వాడు, "పదహారో ఎక్కం చెప్పు నానమ్మా" అన్నాడు. ఆవిడ ముక్క తుడవడం ఆపకుండా చివరిదాకా చెప్పేశారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాటల్ని స్త్రీశక్తి సంఘటన వాళ్ళు సేకరించి 1986లో ఒక పుస్తకం వేశారు. పేరు ‘మనకు తెలియని మన చరిత్ర’. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటి వాళ్ళు తమ నోటితో చెప్పినవి. పోరాటం గురించి అంతకుముందు పుస్తకాలు రాకపోలేదు. వీళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని అడిగినవాళ్ళు లేరు, అంతే. పదమూడేళ్ళ పాపకి అందులోంచి ఏరి చదివించాను. బిడ్డని వదులుకోవాల్సి వచ్చిన తల్లి మాటలున్న పేజీలు ఇంకో రెండేళ్ళు ఆగాక ఇస్తాను. ఏ పుస్తకమైనా ముందు మనం చదివి, తర్వాత పిల్లలకి ఇవ్వడం మంచిది.

ఆ పుస్తకం చూసే మా పాప ఒక నోటుబుక్కు పెట్టింది. మొదటి పేజీలో నానమ్మ. పుట్టిన ఊరు, తోబుట్టువులు, చదువు. చదువు దగ్గర ‘అయిదో తరగతి’ అని రాసి చదివి వినిపించింది.

"అయిదు కాదు, కొట్టెయ్యి" అన్నారు అత్తయ్య. "ఆరులో మూడు నెలలు వెళ్ళాను. అది రాయి."

పాప కొట్టేసి, మళ్ళీ రాసింది. రెండో పేజీ మా అమ్మకి అట్టే పెట్టింది. వచ్చే సెలవుల్లో వెళ్ళి అడుగుతుందిట.