ఎవరి జట్టు?



నేను బెంగళూరులో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. హిందూపురం, మడకశిర, కోలారు, బళ్ళారి ప్రాంతాల నుంచి వింటున్న మీకు ఈ రెండు భాషల కాపురం సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టులో ఒకనాడు తొమ్మిదో తరగతిలో తళ్ళికోట యుద్ధం చెబుతున్నాను. రామరాయల గుర్రాలూ ఏనుగులూ రంగంలోకి దిగాయో లేదో, వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, బెంగళూరు ఎఫ్.సి. ఆటగాళ్ళకు జీతాలు ఆపేశారట. మన జట్టు ఉంటుందా, పోతుందా?" అన్నాడు.

తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. వాడు "మన జట్టు" అన్నాడు. ఆ జట్టు యజమాని ఒక ఉక్కు కంపెనీ. ఆటగాళ్ళు సగంమంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. వాడికి అందులో వాటా లేదు, ఓటు లేదు. ఉన్నదల్లా ఒక నీలం చొక్కా. అయినా మన జట్టే అంటున్నాడు. ఈ "మన" అన్న మాటకు ఎంత బలముందో ఈ పూట మీతో కలిసి ఆలోచిద్దామని ఉంది.

ముందుగా మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోతాను. విసుక్కోకండి, అదీ సరిహద్దు కథే.

ఇంగ్లండుకూ స్కాట్లండుకూ మధ్య గీత పక్కనే గ్రెట్నా అని చిన్న ఊరు. జనాభా మూడు వేలు, ఆ చుట్టుపక్కల. దానికి ఆనుకుని ఉన్న గ్రెట్నా గ్రీన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1754 నుంచి ఇంగ్లండులో ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివారి పెళ్ళికి పెద్దల అనుమతి కావాలన్న చట్టం అమలైంది. స్కాట్లండులో ఆ నిబంధన లేదు. ఇంకేం, ప్రేమించుకున్న జంటలు బండి కట్టించుకుని గీత దాటేవారు. పెట్రోలు ఏ రాష్ట్రంలో చౌకైతే ఆ వైపు మనం బండి తిప్పుకోమా, అలాగే.

ఆ గ్రెట్నాలో 1946లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. ఉన్నది స్కాట్లండులోనైనా చాలా ఏళ్ళపాటు ఇంగ్లండు లీగుల్లోనే ఆడుకుంటూ వచ్చింది. 2002లో ఎయిర్‌డ్రీ అనే పట్టణపు పాత క్లబ్బు అప్పుల్లో మునిగిపోయి స్కాటిష్ లీగులో ఒక స్థానం ఖాళీ అయితే, అది గ్రెట్నాకు దక్కింది. ఒకరి ఇల్లు కూలితే ఇంకొకరికి స్థలం దొరికినట్టు. బ్రూక్స్ మైల్సన్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఈ క్లబ్బు మీద మనసు పడి డబ్బు కుమ్మరించాడు. 2005, 2006, 2007 - వరుసగా మూడేళ్ళు ఒక్కో మెట్టూ ఎక్కి, అట్టడుగు డివిజన్ నుంచి స్కాట్లండు ప్రీమియర్ లీగు దాకా పోయింది. మధ్యలో 2006 మే నెలలో స్కాటిష్ కప్పు ఫైనల్లో హార్ట్స్ వంటి పెద్ద జట్టును ఒకటి-ఒకటి దగ్గర నిలబెట్టి, పెనాల్టీల్లో ఓడిపోయింది. ఆ ఏడే యూరప్ పోటీల్లోనూ ఆడింది.

పై మెట్టు ఎక్కాక చిక్కు మొదలైంది. వాళ్ళ రేడేల్ పార్కు మైదానం ప్రీమియర్ లీగు కొలతలకు చాలదు. దాంతో సొంత ఆటలన్నీ వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మదర్‌వెల్ పట్టణంలో ఆడవలసి వచ్చింది. హిందూపురం జట్టు తన సొంత ఆటలు బెంగళూరుకు వచ్చి ఆడినట్టన్నమాట. ఊరి జట్టు గెలుస్తూనే ఊరికి దూరమైపోయింది. 2008లో మైల్సన్ జబ్బుపడ్డాడు, డబ్బు ఆగింది. మార్చిలో క్లబ్బు దివాలా అధికారుల చేతికి వెళ్ళింది, ఆ వేసవిలో లీగు నుంచి తప్పుకుంది. నవంబరులో మైల్సన్ కన్నుమూశాడు.

ఆ మనిషిని తప్పుపట్టాలనిపించదు నాకు. ఇష్టంతో పెట్టాడు, ఉన్నన్నాళ్ళు పెట్టాడు. కాని ఒక్క ఇంటి పొయ్యి మీద ఊరందరి అన్నం ఉడుకుతుంటే, ఆ పొయ్యి ఆరిన నాడు ఊరంతా పస్తే కదా.

ఇక బెంగళూరుకు వద్దాం. ఈ ఊరికి ఫుట్‌బాల్ కొత్త కాదు. మన దేశంలో డ్యూరాండ్ కప్పు 1888లో సిమ్లాలో మొదలైతే, మొదటి ఫైనల్లో తలపడినవి రెండూ స్కాట్లండు పటాలాలే - రాయల్ స్కాట్స్ ఫ్యుసిలియర్స్, హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ. అలాంటి పటాలాలు బెంగళూరు దండులోనూ ఉండేవి. సిపాయిలు ఆడుతుంటే గట్టు మీద నిలబడి చూసిన పిల్లలు బంతి పట్టారు. అలసూరు, ఆస్టిన్ టౌన్, గౌతంపుర వాడల్లో ఆ ఆట వేళ్ళూనింది. గౌతంపురలో ఈనాటికీ పెలె విగ్రహం కనిపిస్తుంది. దేవుడి గుడికీ నాయకుడి బొమ్మకీ అలవాటుపడిన మన కళ్ళకు అది కొంచెం వింతే.

ఆ వాడల క్లబ్బుల్లో బెంగళూరు ముస్లిమ్స్ ఒకటి. 1937లో బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలిచింది. 1891 నుంచి జరుగుతున్న ఆ పోటీలో అప్పటివరకూ గెలిచినవన్నీ తెల్లవాళ్ళ జట్లే. మొట్టమొదట గెలిచిన భారతీయ క్లబ్బు ఇదే. మరుసటి ఏడు మళ్ళీ గెలిచింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సు మీద మన దేశం తరఫున తొలి గోలు కొట్టిన సారంగపాణి రామన్ మైసూరు రాష్ట్రపు ఆటగాడు. ఆ జట్టులోనే ఉన్న అహ్మద్ ఖాన్ బెంగళూరువాడు. తరువాత కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి, పంచపాండవులని పేరుపడ్డ అయిదుగురు ముందువరుస ఆటగాళ్ళలో ఒకడయ్యాడు. ఆ అయిదుగురిలో అప్పారావు అని ఒకరున్నారు, పేరు వింటేనే మీకు తెలిసిపోతుంది. మైసూరు రాష్ట్రం 1946-47 నుంచి 1968-69 లోపల నాలుగుసార్లు సంతోష్ ట్రోఫీ తెచ్చుకుంది.

వాడల క్లబ్బుల తరువాత ఫ్యాక్టరీ జట్ల కాలం. విమానాల ఫ్యాక్టరీ హెచ్.ఎ.ఎల్. 1940లో, టెలిఫోన్ల ఫ్యాక్టరీ ఐ.టి.ఐ. 1948లో వచ్చాయి. చిత్తూరు, అనంతపురం, కోలారు జిల్లాల నుంచి ఎన్ని తెలుగు కుటుంబాలు ఆ గేట్ల ముందు వరసలో నిలబడి ఈ ఊరివాళ్ళయ్యాయో మీ బంధువుల్లోనే లెక్క దొరుకుతుంది. ఆ ఫ్యాక్టరీలకు ఫుట్‌బాల్ జట్లుండేవి. బాగా ఆడే కుర్రాడికి ఉద్యోగమిచ్చేవారు. పొద్దున మైదానం, తరువాత షాపు ఫ్లోరు. కాలికి దెబ్బ తగిలినా నెల జీతం ఆగదు, ఆట మానేశాక కూడా ఉద్యోగం ఉంటుంది, చివర్లో పింఛను. పిల్లనిచ్చే మామలు ఆటగాడని కాదు, పర్మనెంటు ఉద్యోగి అని చూసేవారు! ఈ పద్ధతిని ఈనాడు చాలామంది ఎగతాళి చేస్తారు, ఔత్సాహికుల వ్యవహారమని. నేను చేయను. పేద వాడల పిల్లలకు బంతి ఒక ఇల్లు కట్టిపెట్టిన కాలమది.

కాని అదీ ఒకే పొయ్యి మీద వంటే. ఫ్యాక్టరీల్లో కొత్త ఉద్యోగాలు తగ్గేకొద్దీ జట్లు పలచబడ్డాయి. దేశమంతటా అదే వరస. బొంబాయి మహీంద్రా యునైటెడ్ 2010లో, జాతీయ లీగు తొలి విజేత అయిన పంజాబు జె.సి.టి. 2011లో మూతపడ్డాయి. మన హెచ్.ఎ.ఎల్. జట్టు 2011-12 ఐ-లీగ్‌లో అట్టడుగున నిలిచి కిందికి జారింది. దానితో పైస్థాయి లీగులో బెంగళూరు పేరే లేకుండా పోయింది.

ఆ ఖాళీలోకి వచ్చింది మా కుర్రాడి నీలం జట్టు. 2013 జులై 20న జె.ఎస్.డబ్ల్యు. సంస్థ బెంగళూరు ఎఫ్.సి.ని ప్రారంభించింది. బళ్ళారి శ్రోతలకు ఆ పేరు పరిచయం చేయనక్కరలేదు, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ళదే. కోచ్‌గా ఆష్లే వెస్ట్‌వుడ్ అనే ఇంగ్లండు మనిషి, కెప్టెన్‌గా సునీల్ ఛెత్రి. ఛెత్రి పుట్టింది మన సికింద్రాబాదులోనే.

డబ్బుతో పుట్టిన జట్టును ఈ ఊరు దగ్గరికి తీస్తుందా అని మాలాంటివాళ్ళు సందేహపడ్డాం. 2013 సెప్టెంబరులో ఫుట్‌బాల్ స్టేడియంలో మోహన్ బగాన్‌తో మొదటి ఆట ఒకటి-ఒకటిగా ముగిసింది. 2014 ఏప్రిల్ 21న గోవాలో డెంపోను నాలుగు-రెండుతో ఓడించి, తొలి ఏడే జాతీయ విజేత అయింది. మా సందేహం అక్కడితో సరి. తరువాత ఆటలు కంఠీరవ స్టేడియానికి మారాయి. పడమటి గ్యాలరీలో నిలబడి ఆట మొత్తం పాడే అభిమానులు తమకు తామే వెస్ట్ బ్లాక్ బ్లూస్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళను ఎవరూ జీతమిచ్చి పాడించలేదు.

2016 అక్టోబరు 19 రాత్రిని మాత్రం కొంచెం నిదానంగా చెప్పనివ్వండి. ఎ.ఎఫ్.సి. కప్పు సెమీఫైనల్ రెండో ఆట. ఎదుట మలేసియా జట్టు జోహోర్, అంతకుముందు ఏడాది విజేత. అక్కడి ఆట ఒకటి-ఒకటి. ఇక్కడ కంఠీరవలో మొదటి గోలు వాళ్ళదే. తరువాత ఛెత్రి రెండు, స్పెయిన్ ఆటగాడు హువానన్ ఒకటి - మూడు-ఒకటితో గెలిచి, ఆ పోటీలో ఫైనల్ చేరిన తొలి భారతీయ క్లబ్బు అయింది. నవంబరు 5న దోహాలో ఇరాక్ వాయుసేన జట్టు చేతిలో ఒక్క గోలుతో ఓడిపోయింది. మూడేళ్ళ పసిజట్టు అది. 2019 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2022లో డ్యూరాండ్ కప్పు తెచ్చుకుంది - స్కాట్లండు సిపాయిలు సిమ్లాలో మొదటి ఫైనల్ ఆడిన ఆ కప్పే.

ఇదే సమయంలో హైదరాబాదులో ఏం జరిగిందో కూడా వినండి. రహీం సాహెబు శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి అయిదేళ్ళు వరుసగా రోవర్స్ కప్పు గెలిచిన ఊరది. 2019లో పుణె క్లబ్బు మూతపడితే, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టుతో ఫైనల్ పెనాల్టీల దాకా పోతే, గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనదయింది. రెండేళ్ళు తిరగకుండానే ఆటగాళ్ళకు జీతాలు అందక, విదేశీయులు వెళ్ళిపోయి, 2023-24లో జట్టు పట్టికలో అడుగుకు పడింది. యాజమాన్యం చేతులు మారింది. 2025లో క్లబ్బు పేరూ ఊరూ మార్చుకుని ఢిల్లీ జట్టయిపోయింది. పుణె నుంచి హైదరాబాదుకు, హైదరాబాదు నుంచి ఢిల్లీకి, ఆరేళ్ళలో! అద్దె ఇల్లు మారినట్టు. గెలిచిన కప్పుకు పాట పాడినవాళ్ళు మాత్రం గచ్చిబౌలిలోనే మిగిలారు.

ఇప్పుడు మా కుర్రాడి భయం మీకు అర్థమై ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో బెంగళూరు ఎఫ్.సి. లీగు ఫైనల్ ఆడి మోహన్ బగాన్ చేతిలో రెండు-ఒకటితో ఓడింది. నలభై ఏళ్ళ ఛెత్రి ఆ ఏడు పద్నాలుగు గోల్స్ కొట్టాడు. అంటే జట్టు మైదానంలో బలంగానే ఉంది. చిక్కు వేరేచోట. లీగును నడిపే సంస్థకూ జాతీయ సమాఖ్యకూ 2010లో కుదిరిన పదిహేనేళ్ళ ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగియవలసి ఉండింది. తరువాత ఏమిటో తేలక జులైలోనే లీగును నిలిపివేశారు. ఆటే లేనప్పుడు ఖర్చు ఎందుకని ఆగస్టు 4న బెంగళూరు ఎఫ్.సి. మొదటి జట్టు ఆటగాళ్ళ, సిబ్బంది జీతాలు నిరవధికంగా ఆపింది. పిల్లల జట్లూ శిక్షణ బడులూ యథాప్రకారం నడుస్తాయని చెప్పింది. లీగు నడిపేందుకు టెండరు పిలిస్తే నవంబరుకు ఒక్కరూ ముందుకు రాలేదు. చివరకు 2026 జనవరిలో కేంద్ర క్రీడల మంత్రి ఫిబ్రవరి 14న లీగు మొదలవుతుందని ప్రకటించారు.

ఆ రోజు తరగతిలో నేను వాడికి ఏం చెప్పాను? జట్టు ఉంటుందని మాట ఇవ్వలేదు. నా చేతిలో లేని మాట. రెండు సంగతులు మాత్రం చెప్పాను.

ఒకటి, 2023 మార్చి 4న రియాద్ నగరంలో కర్ణాటక జట్టు మేఘాలయను మూడు-రెండుతో ఓడించి యాభైనాలుగేళ్ళ తరువాత సంతోష్ ట్రోఫీ గెలిచింది. కోటీశ్వరుల జట్టు కాదది. వాడల పక్క మైదానాల్లో, వందమంది చూస్తే గొప్ప అనుకునే జిల్లా లీగుల్లో తిరిగిన ఆటే దాని వెనక ఉంది. ఆ లీగు ఆటలు చూడటానికి మనం ఎన్నిసార్లు వెళ్ళాం? నేను కూడా తల దించుకునే అడుగుతున్నాను.

రెండోది గ్రెట్నా కథకు మిగిలిన ముక్క. 2008 వేసవిలో క్లబ్బు పోయాక ఊళ్ళో అభిమానులు కూర్చుని, తామే సభ్యులుగా కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. పేరు గ్రెట్నా ఎఫ్.సి. 2008. ప్రీమియర్ లీగు కాదు, చిన్న ప్రాంతీయ లీగుతో మొదలు. తరువాత లోలాండ్ లీగు. ఆడేది మళ్ళీ రేడేల్ పార్కులోనే, ఊరివాళ్ళు నడిచి వెళ్ళే మైదానంలో.

కుర్రాడు కాసేపు ఆలోచించి, "టికెట్టు ఎంత సార్, ఆ చిన్న ఆటలకి?" అన్నాడు. వచ్చే ఆదివారం వెళ్ళి కనుక్కుందాం రమ్మన్నాను. ఈలోగా గంట కొట్టారు, రామరాయలు మరునాటికి వాయిదా పడ్డాడు.