మా తాత నీరటి

ఇట్ల రాండ్రి, మంటకు దగ్గరగ కూసోండ్రి. కట్టెలు జెర పచ్చివి, పొగ కండ్లల్ల పడితే ఆ పక్కకు జరగుండ్రి. మా తాత ముచ్చట చెప్పుమన్నరు గదా. చెప్త. ఆయన పోయి యాభై యేండ్లు దాటింది. ఫోటో ఒక్కటన్న లేదు. ఇగ నేను చెప్పుడే, మీరు ఇనుడే.

మా తాత ఊరికి నీరటి. చెరువు నీళ్లు ఎవరి మడికి ఎప్పుడు పారాలె, ఎంత పారాలె అన్నది ఆయన చేతిల ఉండె. తూము తీసుడు, మూసుడు, కాలువల పూడిక తీసుడు, వానకాలం రాత్రిళ్లు కట్టకు కాపలా కాసుడు, అన్నీ ఆయన పనులే. నెల జీతం లేదు. కోతలైనంక కల్లం కాడ రైతులు కొలిచి పెట్టే మేర గింజలే కూలి. ఎప్పుడు పుట్టిండో ఎవరికీ ఎరుక లేదు. మూసీ పొంగి పట్నాన్ని ముంచిన యేడు తాను గొడ్లు కాసేటోణ్నని అంటుండె. అది 1908 ముచ్చట. నేనేమో 1948ల, పోలీసు యాక్షన్ అయిన యేడు పుట్టిన.

అమ్మ, నాయిన కూలికి పోతే నన్ను తాత ఎంట పంపుతుండె. ఆడపిల్లకు చెరువు కట్ట మీద ఏం పని అని ఎవరన్న అంటే, "ఆడపిల్లనో మొగపిల్లనో చెరువుకు తెల్వదు తియ్యి" అనేటోడు. భుజాన గొంగడి, చేతిల పార, మోకాళ్ల దాంక బురద. కట్ట మీద నడుస్తుంటే నా చూపంత నీళ్ల దిక్కు, కొంగల దిక్కు. తాత చూపు మాత్రం కట్ట వెనక దిక్కే. ఎందుకు తాతా అంటే చెప్పిండు: "వెనక నీళ్లు తేటగ ఊరితే అది కట్టకు చెమట. మట్టి కలిసి వస్తే అది కట్ట నెత్తురు. చెమటకు భయం లేదు. నెత్తురు కనపడ్డదంటే లోపల బుంగ పడ్డట్టే." లోపటి మట్టిని నీళ్లు కొంచెం కొంచెం తీసుకపోతుంటే కట్ట డొల్ల అయితది. ఎండ్రకాయ బొక్క చేసినా, చెట్టు వేరు మురిగినా అంతే. అందుకే రాళ్ల సందుల మర్రి మొలకో రావి మొలకో కనపడితే అప్పుడే పీకేస్తుండె. దేవుని చెట్టు గదా తాతా అంటే, "గుడి కాడ దేవుడే, కట్ట మీద కాదు" అనేటోడు.

తూము మూత నీళ్లల్ల లోతుల ఉంటది. చెరువు నిండుగ ఉన్నప్పుడు మునిగి దాన్ని తీయాలె. ముందుగాల కట్ట మైసమ్మకు మొక్కి, గోచి బిగించి దిగేటోడు. ఆయన మునిగినంక నీళ్ల మీద బుడగలు తప్ప ఏమీ కనపడకపోతుండె. ఆయన తల తేలేదాంక నేను కూడ ఊపిరి పట్టుకొని నిలబడేదాన్ని.

వానకాలం ఆబి పంటకు పంచాయితి ఉండదు. అసలు కష్టం యాసంగి తాబికి. చెరువుల నీళ్లు సగానికి దిగుతయి, అందరికీ కావాలె. తూము కాడి మడులోడు ముందు పారిచ్చుకుంటే చివరి మడి ఎండుతది. తాత లెక్క వేరే ఉండె. నీళ్లు తక్కువైన యేడు చివరి మడికెల్లి మొదలుపెట్టేటోడు. "తూము కాడోనికి కాలువ కారినా నాలుగు చుక్కలు అందుతయి. చివరోనికి నేను తప్ప ఎవరున్నరు?" అనేటోడు. గడియారం లేదాయె, రాత్రి వంతులకు చుక్కలే లెక్క. గొరుకొయ్యలు ఫలానా చెట్టు మీదికి వచ్చేదాంక ఒకరి వంతు, పిల్లలకోడి పడమట దిగేదాంక ఇంకొకరిది. మా పెదనాయినది తూము కాడి మడి. సొంత కొడుకని ఒక్క గడియ ఎక్కువ పారిచ్చినోడు కాదు. ఆ కోపానికి పెదనాయిన యేడాది దాంక ఆయనతోని మాట్లాడలె.

నేను పుట్టకముందు ముచ్చట ఒకటి మా నాయనమ్మ చెప్పేది. వెట్టి నడిచే రోజులు. గడి నుంచి జవాను వచ్చి, రాత్రికి నీళ్లన్నీ దొర మడులకు మళ్లియ్యుమన్నడు. కాదంటే ఈపు పగులుతది. తాత చేతులు కట్టుకొని, "చెరువు దొరదే, తూము దొరదే. కానీ వంతు మైసమ్మకు మొక్కి పెట్టుకున్నది. అమ్మను దొర ఒక్క మాట అడిగితే ఇప్పుడే మళ్లిస్త" అన్నడట. మైసమ్మతోని పెట్టుకునేటందుకు ఆ దొరకు కూడ గుండె చాలలె. వంతు మారలె. గని తెల్లారి తాతను గడి ముంగట వంగబెట్టి ఈపు మీద బండ పెట్టిండ్రు. పొద్దు గుంకేదాంక అట్లనే ఉండి, ఇంటికి వచ్చి గటక తిని, మళ్ల కట్ట మీదికే పోయిండట. అప్పటికెల్లి ఆయన నడుము సక్కగ నిలబడలె. మాకెవ్వరికీ ఆ మాట తన నోటితోని చెప్పలె.

1972ల కరువు వచ్చింది. మిరుగు ఎండిపోయింది, ఆరుద్ర ఎండిపోయింది. ఉత్తర చూసి ఎత్తర గంప అంటరు, అట్లనే శానమంది గంప ఎత్తుకొని పట్నం పోయిండ్రు. చెరువుల నీళ్లు లేకున్నా తాత పార పట్టుకొని రోజూ పోతుండె. ఎండినప్పుడే కట్ట బాగు చేయాలె, నిండినంక ఏం చేస్తరు అనేటోడు. మరుసటి యేడు వానలు పడ్డయి గని ఆయనే కట్ట ఎక్కలేకపోయిండు. మా నాయిన ఇంటికి వస్తే మంచంల నుంచే అడుగుతుండె: "వెనక తేటనా, మురికా?" కోతలు కాకముందే పోయిండు. పాడె మోసేతందుకు ముందుగాల భుజం పెట్టింది చివరి మడుల రైతులు. వాళ్ల పక్కన మా పెదనాయిన. ఆ యేడు కల్లాల కాడ మనిషి లేకున్నా ఆయన మేర కొలిచి ఇంటికి పంపిండ్రు. యేడాది దినాలకు వండింది ఆ గింజలే.

ఆయన తర్వాత మా నాయిన కొన్ని యేండ్లు చేసిండు. ఇగ కరెంటు మోటర్లు, బోర్లు వచ్చినయి. ఎవరి నీళ్లు వాళ్లకే అయినంక నీరటితోని ఏం పని? కాలువలు పూడినయి, శిఖంల తుమ్మలు మొలిచినయి. 2015 నుంచి కాకతీయుల పేరు పెట్టి సర్కారు పూడిక తీయించింది, ఆ మట్టి రైతులు ట్రాక్టర్లల్ల చెలకలకు తోలుకున్నరు. తెలంగాణల 46 వేలకు పైన చెరువులని లెక్క చెప్పిండ్రు. మంచి పనే. గని మిషన్లు మట్టి తీస్తయి, వంతు పెట్టలేవు. రామప్ప, పాకాల తవ్వించిన కాకతీయుల పేర్లు బడిల చెప్తరు. ఆ నీళ్లు పంచినోళ్ల పేరు ఒక్కటి కూడ నేను ఇనలె.

పెత్రమాస నాడు పొద్దున తాత పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తం. అదే నాడు పొద్దుమీకి ఎంగిలిపూల బతుకమ్మ. బతుకమ్మను సాగనంపేతందుకు చెరువుల నీళ్లుండాలె, నీళ్లుండాలంటే కట్ట ఉండాలె. ఆ రోజు కట్ట ఎక్కినప్పుడల్లా నేను వెనక దిక్కు ఒకసారి చూస్త.

ఇగ మీతోని ఒక్క మాట. పెద్దలకు పెట్టుడంటే బియ్యం ఇచ్చి చేతులు కడుక్కొనుడు కాదు. మీ ఇండ్లల్ల ముసలోళ్లు ఉన్నరు. రేపే పోయి అడుగుండ్రి, వాళ్ల తాత ఏం పని చేసిండు, ఎట్ల చేసిండు అని. వాళ్లు పోయినంక చెప్పేటోళ్లు ఉండరు.