మానిక, వీశె, జీడిపలుకు

పాత్రతో కొలుచుట మోటుపద్ధతియనియు, త్రాసుతో తూచుటయే నాగరికతాలక్షణమనియు తలచువారు, కౌటిల్యుని అర్థశాస్త్రమున తూనికలు కొలతల అధ్యక్షునిగూర్చిన ప్రకరణమును ఒకమారు చదువవలెను. అచ్చట ద్రోణమను కొలపాత్రకు ప్రమాణము దాని లోతువెడల్పులు గాక, అందు పట్టు మినుముల తూకము. అనగా కొలతను బరువులోనికి మార్చుటయను చిక్కును, గింజ యేదో ముందుగా నిర్ణయించుకొని ఆ ప్రాచీనుడు విడదీసినాడు. రాజుగారి కొట్టారమునకు ధాన్యము వచ్చునపుడు ద్రోణము 200 పలములు, అంగడిలో 187½, కొలువువారికి కొలిచి యిచ్చునపుడు 175, అంతఃపురమునకు 162½. పుచ్చుకొనునపుడు పెద్దదియు, ఇచ్చునపుడు చిన్నదియు నగు కొలత దొరతనములకు క్రొత్తగాదు.

మన తెలుగునాట నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. దీనితో సంబంధము లేనట్లే మూడు తులముల పలము, ఎనిమిది పలముల శేరు, అయిదు శేర్ల వీశె, ఎనిమిది వీశెల మణుగు వేరొక వరుసగా నడచినవి. తులము 180 గ్రెయినులని 1833లో కుంపిణీవారు స్థిరపరచిన లెక్కను వీశె సుమారు 1.4 కిలోలు. బియ్యము, పప్పులు కుంచముతోను, బెల్లము, చింతపండు వీశెతోను చేతులు మారుచుండెను. మొదటి కొలతను 'ఒకటి' యనక 'లాభ' మని లెక్కించు రైతునకు, ఆ లాభములో ఎన్ని తులములున్నవో యెఱుగవలసిన అగత్యమే లేకుండెను.

ఈ నెమ్మదిని చెఱచినది వేరుసెనగ. దక్షిణ అమెరికానుండి వచ్చిన యీ పంట పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మదరాసు రాజధానిలో విస్తరిల్లి, పుదుచ్చేరి రేవునుండి ఫ్రాన్సులోని మార్సేల్సు నూనెమిల్లులకు ఓడలకెక్కెను. కాయలతో నింపిన కుంచములో సగమునకు పైగా పొట్టును గాలియునే యుండును. పొట్టు ఒలిచినను కాయల తూకములో పలుకులు రమారమి నూటికి డెబ్బది పాళ్లు మాత్రమే. నూనె గాలినుండి రాదు గనుక, ఎగుమతి వర్తకులు కుంచమును విడిచి 500 పౌనుల బారువను పట్టుకొనిరి. ఈ మార్పును తెచ్చినది శాస్త్రాభిమానము గాదు, నూనె బేరము.

జీడిపప్పు వర్తకము మఱియొక త్రోవ త్రొక్కెను. పోర్చుగీసువారు బ్రెజిలునుండి తెచ్చిన యీ చెట్టు పలాస ప్రాంతమునకు జీవనాధారమైనది. అందలి పలుకుల తరగతిని ఎంచి చెప్పుదురు: డబ్ల్యు 320 అనగా పౌనుకు 300 మొదలు 320 వఱకు తూగు గుండుపలుకులు, డబ్ల్యు 180 అనగా అంతకంటె చాల పెద్దవి. లెక్కింపు, తూకము ఒక్క పేరున నిట్లు కలిసిన ఏర్పాటు, నా యెఱిగినంతలో, పప్పుల వర్తకమున ఇంతకంటె చక్కనిది లేదు.

1956 చట్టము దశాంశమానమును తెచ్చి, 1962 ఏప్రిలునాటికి అంగళ్లలో వీశెగుండ్లను తొలగించెను; వంటయింటి సోల, తవ్వల జోలికి పోవుట ఏ చట్టమునకును సాధ్యము గాలేదు. 240 మిల్లీలీటర్ల గిన్నెలో వేరుసెనగ పలుకులు సుమారు 146 గ్రాములు, జీడిపప్పు 137, గుండు బాదము 143 తూగును. ఆ బాదమునే పొడిచేసి పోసినచో 95కు దిగును. అక్రోటు బద్దలు 100 తూగగా, వానినే ముక్కలుచేసిన 117కు ఎక్కును. ముక్కలు సందులను పూడ్చును, పొడి గాలిని పట్టియుంచును. కావున పాకమునకు పూనుకొను గృహిణులారా, గిన్నెడు పప్పని యెవరైనను చెప్పినపుడు అది గుండో, ముక్కయో, పొడియో ముందు అడుగుడు. పిమ్మట మీ గిన్నెతోనే ఒకసారి కొలిచి, తూచి, ఆ లెక్కను వ్రాసి యుంచుకొనుడు.