ఆగాఖాన్ వేయించుకున్న టీకా

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో జ్వరంతో, గజ్జల్లో బిళ్లలతో జనం వరసగా చనిపోసాగారు. అది ప్లేగు అని గుర్తించినవాడు డాక్టర్ అకాసియో గాబ్రియేల్ వియెగాస్. ప్రభుత్వం వెంటనే వాల్డెమార్ హాఫ్కిన్‌ను రప్పించింది. ఒడెస్సాలో పుట్టిన ఈ యూదు శాస్త్రవేత్త అంతకుముందే కలరా టీకా తయారుచేసి, 1894లో కలకత్తా బస్తీల్లో వేశాడు. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఇచ్చిన కాస్త చోటులోనే ప్లేగు టీకాకు రూపమిచ్చి, 1897 జనవరి 10న ముందుగా తానే వేయించుకున్నాడు. ఆ నెలాఖరున బైకుల్లా జైల్లో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఖైదీలకు వేశారు.

టీకా సిద్ధమైంది. వేయించుకునేవాళ్లే కావాలి.

సర్కారు వైద్యమంటేనే జనం హడలిపోతున్న రోజులవి. 1897 ఫిబ్రవరిలో వచ్చిన అంటువ్యాధుల చట్టం అధికారులకు విపరీతమైన అధికారాలిచ్చింది. ఇళ్లలో జొరబడి సోదాలు చేశారు, రోగులను బలవంతంగా ఆస్పత్రులకు తరలించారు, సామాన్లు తగలబెట్టారు. పుణెలో ఈ పనికి సైనికులనే దింపారు. కడుపు మండిన చాపేకర్ సోదరులు జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌ను కాల్చారు. 1898 మార్చిలో బొంబాయి నేతపనివాళ్ల పేటలో ప్లేగు తనిఖీ అల్లర్లకు దారితీసింది.

అదే బొంబాయిలో ఇస్మాయిలీ ఖోజా ముస్లింల తీరు వేరు. వాళ్ల ఇమాం మూడో ఆగాఖాన్‌కు అప్పటికి సుమారు ఇరవయ్యేళ్లే. ఆయన నలుగురి ఎదుటా టీకా వేయించుకుని, ఆ కబురు తనవాళ్లందరికీ చేరేలా చూశాడు. హాఫ్కిన్ ప్రయోగశాలకు తన ఖుష్రూ లాడ్జ్ భవనాన్ని ఇచ్చాడు. వేలమంది ఖోజాలు టీకా వేయించుకున్నారు. వేయించుకోనివాళ్లతో పోలిస్తే వాళ్లలో ప్లేగు చావులు బాగా తగ్గాయి.

అలా కూడిన నమ్మకానికి 1902లో పెద్ద దెబ్బ తగిలింది. పంజాబ్‌లోని ముల్కోవాల్‌లో ఒకే సీసాలోని మందు వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్కిన్ మీద పడింది, ఉద్యోగం పోయింది. తప్పు ఆయనది కాదని తేలేసరికి 1907 వచ్చింది. బొంబాయి ప్రయోగశాలకు 1925లో ఆయన పేరు పెట్టారు.

ఆనాడు టీకాకు అడ్డు భయమైతే, నేడు ఖర్చు కూడా అడ్డే. నేటికీ మన ఉచిత టీకాల్లో ఎక్కువ భాగం పిల్లలకూ గర్భిణులకే. ఫ్లూ, న్యుమోనియా టీకాలు కావాలంటే పెద్దవాళ్లు చాలాచోట్ల జేబులోంచి ఖర్చు పెట్టుకోవాల్సిందే. కూలి డబ్బులతో బతికే వృద్ధులకు అది అందేది కాదు. ప్రభుత్వాలు వాటినీ ఉచితంగా ఇవ్వాలి. ఉచితమైతేనే చాలదు, ఆగాఖాన్‌లా తమవాళ్లు ముందుంటేనే జనం నమ్ముతారు. అందుకే ఎక్కడ, ఏ వేళ, ఎవరి చేత వేయించాలో నిర్ణయించేటప్పుడే కుల పెద్దలను, మసీదు కమిటీలను, చర్చి సంఘాలను, డ్వాక్రా మహిళలను పిలిచి కూర్చోబెట్టుకోవాలి.