అక్షరం కంటిదా, చెవిదా?

చిన్న తరగతుల పిల్లల చదువు గురించి, మాట గురించి రాయమని కొందరు తల్లులు చాలాకాలంగా అడుగుతున్నారు. సలహాలు చెప్పడానికి ముందు, వైద్యులమైన మేము ఈ విషయంలో ఎంతకాలం ఎటువైపు చూస్తూ ఉండిపోయామో చెప్పడం న్యాయమని నాకు తోచింది. అందుచేత ఈసారి కొంత చరిత్ర.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, ఒక తాలూకా ఆసుపత్రికి మూడో తరగతి పిల్లవాణ్ణి తల్లిదండ్రులు తీసుకువచ్చారు. ఒంట్లో జబ్బేమీ లేదు. "వీడికి చదువు అబ్బదంటున్నారు బాబూ పంతులుగారు, ఒకసారి చూడండి" అన్నాడు తండ్రి. పిల్లవాడు చురుకైనవాడు. అడిగినదానికి తడుముకోకుండా బదులిచ్చాడు, ఎక్కాలు అప్పజెప్పాడు. వాచకం చేతికిస్తే మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయి, పక్కనున్న బొమ్మ చూసి ఏదో ఊహించి చెప్పాడు. నేను కళ్లు పరీక్షించాను. చూపు బాగానే ఉన్నట్లు కనిపించింది. నులిపురుగులకు మాత్రలు, బలానికి టానిక్కు రాసి, ఎందుకైనా మంచిదని కంటి డాక్టరుకు ఒక చీటీ ఇచ్చి పంపాను. వెళ్లబోతూ తల్లి గుమ్మం దగ్గర ఆగి, "వీడికి మాటలు కూడా ఆలస్యంగానే వచ్చాయండీ, మూడేళ్లు నిండాక" అంది. ఆ మాటను నేను ఎక్కడా రాసుకోలేదు. మాట ఆలస్యానికీ చదువుకూ సంబంధం ఉండవచ్చునని నాకు తట్టనే లేదు. కొన్నేళ్ల తరువాత ఆ ఊరికి వేరే పని మీద వెళ్లినప్పుడు, ఆ పిల్లవాడు ఐదో తరగతిలో బడి మానేసి తాపీ మేస్త్రి దగ్గర పనికి పోతున్నాడని తెలిసింది.

నాది వింత పొరపాటు కాదనీ, దానికి నూరేళ్ల వంశవృక్షం ఉన్నదనీ తరువాత చదివి తెలుసుకున్నాను.

1877లో అడాల్ఫ్ కుస్మౌల్ అనే జర్మన్ వైద్యుడు, చూపూ తెలివీ మాటా చెక్కుచెదరకుండా ఉండి చదివే శక్తి మాత్రమే పోయిన రోగుల స్థితికి 'పదాంధత్వం' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1887లో స్టట్‌గార్ట్ నగరపు కంటి వైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ 'డిస్‌లెక్సియా' అన్న పదంతో ఒక గ్రంథం ప్రకటించాడు. వీరిద్దరూ చూసినది పెద్దవారినే. మెదడుకు దెబ్బ తగిలి, వచ్చిన చదువును పోగొట్టుకొన్నవారిని. గ్లాస్గోలో కంటి శస్త్రవైద్యుడైన జేమ్స్ హిన్షెల్‌వుడ్ 1895లో లాన్సెట్ పత్రికలో అటువంటి రోగినే వర్ణించాడు. ఆయన 58 ఏళ్ల భాషోపాధ్యాయుడు. ఒకనాడు శిష్యుడు రాసి తెచ్చిన అభ్యాసం చేతిలోకి తీసుకొంటే అందులో ఒక్క మాటా చదవలేకపోయాడు. అంకెలు మాత్రం ఎప్పటిలాగే చదివాడు.

ఆ వ్యాసాన్ని ఇంగ్లండు దక్షిణ తీరంలోని సీఫర్డ్ అనే చిన్న పట్టణంలో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు చదివాడు. చదవగానే ఆయనకు తనకు తెలిసిన ఒక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. 1896 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ప్రకటించిన చిన్న నివేదిక ఈ చరిత్రలో మొదటి మలుపు. పిల్లవాడి పేరు పెర్సీ, వయస్సు 14. మెదడుకు దెబ్బ తగలలేదు, జబ్బు చేయలేదు. ఏడేళ్లప్పటి నుంచీ బడిలోనూ ప్రైవేటు ఉపాధ్యాయుల దగ్గరా చదువుతూనే ఉన్నాడు. అయినా అతి చిన్న మాటలు తప్ప చదవలేడు. తన పేరునే అక్షరాలు తారుమారు చేసి రాశాడు. మళ్లీ చూసుకొమ్మని చెప్పేదాకా తప్పు గమనించలేదు. పెద్ద పెద్ద అంకెలు మాత్రం గడగడా చదివాడు, బీజగణితం చేశాడు. బోధనంతా నోటిమాటగానే సాగితే బడిలో వీడిని మించినవాడు ఉండడని అతని ఉపాధ్యాయుడు చెప్పినట్లు మోర్గన్ రాశాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నోటితో చెబితే పట్టుకొనేవాడికి, అచ్చులో చూస్తే పట్టుబడటం లేదు. కాబట్టి లోపం చూపుకు సంబంధించినదే అయి ఉండాలి అని మోర్గన్ తీర్మానించాడు. మీరూ నేనూ అయినా అలాగే అనుకొంటాం. పదాల రూపాలను దాచుకొనే చోటు మెదడు ఎడమవైపున ఒకటి ఉంటుందనీ, ఈ పిల్లలలో అది పుట్టుకతోనే సరిగా ఏర్పడలేదనీ హిన్షెల్‌వుడ్ కూడా నమ్మాడు. ఒకే కుటుంబంలో నలుగురికి ఈ ఇబ్బంది ఉండటాన్ని 1907లో వర్ణించాడు. 1917లో దీనిపై ఒక పుస్తకమే ప్రచురించాడు. ఈ రంగంలో తొలినాళ్లలో కంటి వైద్యులు అంతగా కనిపించడానికి కారణం చాలా సాధారణమైనది. చదవలేని పిల్లవాణ్ణి తల్లిదండ్రులు మొదట కంటి డాక్టరు దగ్గరికే తీసుకువెళతారు. నేను చీటీ రాసింది కూడా ఆయనకే కదా.

అయితే వారి మేలును మరువరాదు. బడిలో బెత్తం రాజ్యమేలుతున్న కాలంలో, వీడు మొద్దూ కాదు సోమరీ కాదు అని అచ్చులో చెప్పినవారు వారే. ఇటువంటి పిల్లలకు విడిగా, ఒక్కొక్కరికీ ఓపికగా నేర్పితే చదువు వస్తుందని హిన్షెల్‌వుడ్ ఆనాడే రాశాడు.

రెండో మలుపు అమెరికాలో, అయోవా రాష్ట్రంలో. 1925లో శామ్యూల్ ఆర్టన్ అనే నాడీ, మానసిక వైద్యుడు ఒక గ్రామీణ ప్రాంతానికి సంచార వైద్యశిబిరం తీసుకువెళ్లి, చదువులో వెనుకబడినవారిని పంపమని బడులను కోరాడు. వచ్చినవారిలో తెలివికి ఏ లోటూ లేక, చదవడం మాత్రమే రానివారు ఆయన అనుకొన్నదానికన్నా ఎక్కువగా ఉన్నారు. వారు అక్షరాలను కుడిఎడమలుగా తిప్పి చదవడం చూసి, మెదడులోని రెండు సగాలలో ఏదీ పూర్తిగా పైచేయి సాధించకపోవడమే దీనికి మూలమని సిద్ధాంతం చెప్పాడు. ఆ సిద్ధాంతం నిలవలేదు. నిలిచినది ఆయన అలవాటు. ఆయన అక్షరాలతో ఆగక కుటుంబం గురించి అడిగాడు, పిల్లవాడికి మాటలు ఎప్పుడు వచ్చాయో అడిగాడు, నత్తి ఉన్నదా అని అడిగాడు. చదువు రానివారి ఇళ్లలో ఆలస్యంగా మాట వచ్చినవారు, నత్తి ఉన్నవారు తరచుగా కనిపించారు. 1937లో ఆయన ప్రచురించిన పుస్తకం పేరులోనే చదవడం, రాయడం, మాట్లాడటం మూడూ కలిసి ఉన్నాయి. నా దగ్గరికి వచ్చిన తల్లి చెప్పిన మాట ఆ పుస్తకానికి నలభై ఏళ్లు నిండిన తరువాతిది.

అదే అయోవా విశ్వవిద్యాలయంలో జరిగిన మరొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పెద్దలు పదే పదే తప్పు పట్టడం వల్లనే పిల్లలలో నత్తి ఏర్పడుతుందని వెండెల్ జాన్సన్ అనే పరిశోధకుడు భావించాడు; ఆయనకూ నత్తి ఉండేది. ఆయన పర్యవేక్షణలో 1939లో ఒక విద్యార్థిని డావెన్‌పోర్ట్‌లోని అనాథాశ్రమంలో 22 మంది పిల్లలపై ప్రయోగం చేసింది. వారిలో కొందరు చక్కగా మాట్లాడేవారే. వారితో "నీకు నత్తి మొదలవుతోంది, జాగ్రత్తగా మాట్లాడు" అని నెలల తరబడి చెప్పించారు. వారికి నత్తి వచ్చిందని గట్టిగా చెప్పలేం గాని, వారు మాట్లాడటానికే జంకసాగారు, మౌనంలోకి జారుకొన్నారు. 2001లో విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. తరగతిలో ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి "వీడికి నోరు తిరగదు" అని నవ్వే ప్రతిసారీ మన బడులలో ఈ ప్రయోగం ఉచితంగా జరుగుతూనే ఉన్నదని నాకనిపిస్తుంది.

ఇక మూడో మలుపు. అక్షరాలు లేకుండా, బల్ల మీద కర్రముక్కతో తట్టే ఆటతో అది వచ్చింది. 1974లో ఇసబెల్ లిబర్మన్ బృందం అమెరికాలో చిన్నపిల్లలకు ఒక మాట చెప్పి, అందులో ఎన్ని భాగాలు ఉంటే అన్నిసార్లు తట్టమంది. నోటికి సహజంగా విడిపోయే భాగాలను నాలుగేళ్లవారిలో 46 శాతం, ఐదేళ్లవారిలో 48 శాతం, ఒకటో తరగతి ముగించినవారిలో 90 శాతం సరిగా లెక్కపెట్టారు. ఒక్కొక్క ధ్వనిగా లెక్కపెట్టమంటే నాలుగేళ్లవారిలో ఒక్కరికీ సాధ్యం కాలేదు. ఐదేళ్లవారిలో 17 శాతం, ఒకటో తరగతివారిలో 70 శాతం చేయగలిగారు. మన భాషలో చెప్పాలంటే 'బడి' అన్న మాటకు రెండుసార్లు తట్టడం తేలిక. అందులో బ్, అ, డ్, ఇ అని నాలుగు ధ్వనులున్నాయని గ్రహించడం కష్టం. నోరు వాటిని విడివిడిగా పలకదు. ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. మాట్లాడటానికి ఈ విభజన అక్కరలేదు. చదవడానికి కావాలి.

1979లో పోర్చుగల్‌లో చదువురాని పెద్దలను పరీక్షించినప్పుడు, వారు కూడా మాట మొదటి ధ్వనిని తీసివేసి మిగిలినది చెప్పలేకపోయారు. వయసు వచ్చాక చదువు నేర్చుకొన్నవారు చెప్పగలిగారు. అంటే ధ్వనిని విడదీసే నేర్పు కొంతవరకు చదువు వల్లనే వస్తుంది. 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మరో వైపు చూపించారు. నాలుగైదేళ్ల పిల్లలు 400 మందికి పైగా తీసుకొని, ఒకే ధ్వనితో మొదలయ్యే మాటలను, ప్రాస కుదిరే మాటలను ఎంతబాగా గుర్తుపడతారో చూసి, నాలుగేళ్ల పాటు వారి వెంట నడిచారు. ధ్వనులను బాగా పోల్చుకొన్నవారు చదువులోనూ ముందున్నారు. వెనుకబడినవారిలో కొందరికి ధ్వనుల ఆటలు, వాటికి తోడు అక్షరాలు కలిపి నేర్పితే, వారి చదువు అందరికన్నా బాగుపడింది. ఎనభై ఏళ్లకు పైగా కంటిలో వెతికిన లోపం చాలామంది పిల్లలలో మాట ధ్వనుల దగ్గర ఉన్నదని ఇలా తేలింది. అందరిలోనూ అదే కారణమని మాత్రం అనకూడదు.

ఇదంతా ఇంగ్లీషు అక్షరాల కథ, మన లిపికి వర్తిస్తుందా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మన లిపి నోరు విడదీసే భాగాన్నే అక్షరంగా పట్టుకొన్నది. 'బడి'కి రెండు తట్లు, రెండు అక్షరాలు. ఆ మేరకు మన పిల్లలకు ఆరంభం తేలిక. కష్టం ఆ తరువాత వస్తుంది. గుణింతాలు, వత్తులు కలిస్తే నేర్వవలసిన రూపాలు వందల్లోకి పోతాయి. 'స్త్రీ' అన్నది ఒక్క అక్షరమే గాని అందులో నాలుగు ధ్వనులు ఉన్నాయి. ఇంట్లో నోట వినిపించని ఖ, ఛ వంటివి బడిలో రాయాలి. మన లిపికి సోదరి అయిన కన్నడంలో సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన దీనినే చూపింది. అక్షరాలన్నీ పట్టుబడటం ఒకటి రెండు తరగతులతో ముగియదు, పై తరగతుల దాకా సాగుతుంది. విడి ధ్వనుల స్పృహ మరింత నెమ్మదిగా వస్తుంది. రెండో తరగతిలోనే వత్తులు తప్పు రాశాడని బెంబేలు పడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మన పాత బడుల విషయం కూడా ఒకటి ఉంది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ వీధిబడుల గురించి నివేదిక రాశాడు. పిల్లలు మొదట ఇసుకలో వేలితో దిద్ది అక్షరాలు నేర్చుకొంటారని అందులో ఉంది. నూరేళ్ల తరువాత ఆర్టన్ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకొని అన్నా గిల్లింగ్‌హామ్, బెస్సీ స్టిల్‌మన్ తయారుచేసిన బోధనలోనూ పిల్లవాడు అక్షరాన్ని చూస్తూ, దిద్దుతూ, దాని ధ్వనిని పలుకుతాడు. అయితే మన బడిని మరీ పొగడనక్కరలేదు. పిల్లలు పద్యాలెన్నో వల్లిస్తారు గాని వాటి అర్థం వారికి తెలియదని క్యాంబెలే రాశాడు. వల్లె వేయగలిగినవాడు చదువుతున్నట్లే కనిపిస్తాడు. నేను చూసిన పిల్లవాడు మూడో తరగతి దాకా నెట్టుకువచ్చింది ఆ జ్ఞాపకశక్తితోనే.

మన దేశ చట్టం ఈ ఇబ్బందిని గుర్తించడానికి 2016 దాకా పట్టింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో దీని ఊసు లేదు. 2016 చట్టం ప్రత్యేక అభ్యసన వైకల్యాలను, మాట, భాషా వైకల్యాన్ని జాబితాలో చేర్చింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే వైద్యబృందాలు చూడవలసిన వాటిలో మాట ఆలస్యం, వినికిడి లోపం, అభ్యసన లోపం ఉన్నాయి. పై పరీక్షలకు చాలా జిల్లాలలో డీఈఐసీ పేరుతో కేంద్రాలు ఉన్నాయి.

మీ పిల్లవాడు రెండో తరగతి పూర్తయినా చిన్న మాటలను కూడా బొమ్మ చూసి ఊహిస్తూ ఉంటే, చూపు పరీక్ష చేయించండి, దానితో ఆగకండి. వినికిడి పరీక్ష తప్పనిసరి. జలుబు తరచుగా చేసే పిల్లలలో చెవిపొర వెనుక ద్రవం నిలిచి, మాటలు సగం సగమే వినిపిస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాచకం, రాత పుస్తకం వెంట తీసుకువెళ్లండి. మొదటి మాట ఏ వయసులో వచ్చింది, రెండు మాటలు ఎప్పుడు కలిపాడు, ఇంట్లో మరెవరికైనా చదువు ఇలాగే ఇబ్బంది పెట్టిందా అన్నవి ఒక కాగితం మీద రాసి ఉంచండి. డాక్టరు అడగకపోయినా ఆ కాగితం ఆయన చేతికివ్వండి.