మబ్బుల వెనక పాలపుంత

1980ల నాటి ఆషాఢపు రాత్రి. హిందూపురం మిట్టపొలంలో మంచం వాల్చుకుని ఒక రైతు పడమటి దిక్కే చూస్తున్నాడు. మెరుపు మెరిస్తే చాలు, చెనక్కాయ విత్తనానికి పదును దొరుకుతుందని ఆశ.

అదే మెరుపు, పాతిక కిలోమీటర్ల అవతల గౌరీబిదనూరులో కొందరికి గుబులు. కర్ణాటకే గానీ అంగట్లో తెలుగు వినిపించే ఊరు. 1976 నుంచి అక్కడి రేడియో టెలిస్కోపు కేంద్రంలో ఆకాశాన్ని వింటున్నారు. ఆ కేంద్రాన్ని నిలబెట్టినవాళ్లలో సిహెచ్.వి. శాస్త్రి ముఖ్యులు.

టెలిస్కోపు అంటే గొట్టం, అద్దం అనుకుంటాం. ఇక్కడ రెండూ లేవు. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు, దక్షిణానికి దాదాపు అర కిలోమీటరు, 'టి' ఆకారంలో వెయ్యి యాంటెన్నాలు. నాకైతే బట్టలారేసే దండేల్లా అనిపిస్తాయి. అవి కదలవు, భూమే తిరుగుతూ ఆకాశాన్ని వాటి మీదుగా నడిపిస్తుంది. అప్పట్లో పట్టినది 34.5 మెగాహెర్ట్జ్, అంటే 8.7 మీటర్ల అలలు. వాటికి మబ్బు అడ్డం కాదు. మెరుపు మాత్రం పాత రేడియోలోలాగే గరగరమని రాత్రి పనంతా పాడుచేస్తుంది.

1933లో కార్ల్ జాన్‌స్కీ అమెరికాలో బయటపెట్టిన ఆకాశపు హోరూ ఇలాంటి రేడియో అలలదే. రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వచ్చేది. అంటే సూర్యుడిది కాదు, నక్షత్రాల వైపుది. వెతికితే ధనుస్సు రాశిలో తేలింది.

ఆ దిక్కునే మన సర్పిల గెలాక్సీ పాలపుంత కేంద్రం ఉంది. ఈ గెలాక్సీని బయట నిలబడి చూసినవాళ్లు లేరు. దాని కేంద్రానికి 26 వేల కాంతి సంవత్సరాల దూరాన, లోపలే కూచుని దాని రూపం పోల్చుకోవాలి. కాంతివేగానికి దగ్గరగా పరుగెత్తే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రాల్లో మెలికలు తిరుగుతూ చేసే సందడే ఈ హోరు. కె.ఎస్. ద్వారకానాథ్, ఎన్. ఉదయశంకర్ గౌరీబిదనూరులో దాన్ని విని పటంగా మలిచారు. దక్షిణాన 50 డిగ్రీల నుంచి ఉత్తరాన 70 డిగ్రీల దాకా ఆకాశం అందులో ఉంది. 1990లో అచ్చయింది.

ఇందులో తమాషా ఒకటుంది. మన మబ్బులు దాటి వచ్చే ఈ అలలకు పాలపుంతలోని మేఘాలు అడ్డొస్తాయి. ఫోటోల్లో ఎర్రగా మెరిసే అయనీకృత హైడ్రోజన్ మేఘాలు వెనకనున్న హోరును మింగేసి నీడలుగా మిగులుతాయి.

జులై నెలాఖరున, వెన్నెల లేని రాత్రి తొమ్మిదిన్నరకు ఊరి దీపాలు దాటి వెళ్లి దక్షిణానికి తిరగండి. తేలు కొండిలో ఉంది మూలా నక్షత్రం. దానికి కాస్త పైన, ఎడమగా చూడండి. పాలపుంత నడిబొడ్డు అక్కడే.