పైగామ్ మనది, దర్వాజా ఎవరిది?

నిజాం జమానా టపా గురించి తెలిసినవాళ్లకు ఒక సంగతి యాదికుంటుంది. హైదరాబాద్ రియాసత్ 1869లో సొంత స్టాంపులు తెచ్చింది. ఆ స్టాంపు అంటించిన ఖత్ రియాసత్ సరిహద్దు దాకే చెల్లేది. మద్రాసులో ఉన్న మామూకో, బొంబాయిలో ఉన్న భాయికో రాయాలంటే అంగ్రేజీ సర్కార్ స్టాంపు కావాల్సిందే. 1950లో రియాసత్ టపా దేశమంతటి టపాలో కలిసిపోయాక ఆ హద్దు చెరిగిపోయింది.

ఇప్పుడు మన చేతిలోని ఫోన్ చూడండి. మన దగ్గర వాట్సప్‌లోంచి టెలిగ్రామ్‌కి పైగామ్ పోదు. టెలిగ్రామ్‌లోంచి సిగ్నల్‌కి పోదు. అదే ఫోన్‌లో జీమెయిల్ నుంచి యాహూకి ఈమెయిల్ మాత్రం ఏ అడ్డూ లేకుండా పోతుంది. ఎందుకంటే ఈమెయిల్‌కి ఉమ్మడి జబాన్ ఒకటుంది. ఎవరి దుకాణం వాళ్లదైనా అందరూ అదే మాట్లాడతారు. చాటింగ్‌కి కూడా అలాంటి జబాన్ ఎప్పుడో పుట్టింది. అయినా దర్వాజాలు మూసుకుపోయాయి. ఎలా మూసుకున్నాయో తెలిస్తే, ఈమధ్య జర్మనీలో మొదలైన ఒక తహ్రీక్ ఎందుకొచ్చిందో అర్థమవుతుంది.

2025 డిసెంబర్ ఆఖరులో హాంబర్గ్‌లో కేయాస్ కంప్యూటర్ క్లబ్ సాలానా జల్సా జరిగింది. అక్కడ రచయిత మార్క్ ఊవే క్లింగ్ 'డిజిటల్ ఇండిపెండెన్స్ డే' అని పిలుపిచ్చాడు. ప్రతి నెలా మొదటి ఇత్వార్ నాడు ఒక్క అడుగు వేయమన్నాడు. పెద్ద కంపెనీ సేవ ఒకటి వదిలి, దానికి బదులు స్వేచ్ఛగా వాడుకోగలిగేదానికి మారాలి. అలాంటి మొదటి ఇత్వార్ 2026 జనవరి 4. ఎక్స్‌ఎంపీపీ అనే ఉమ్మడి మెసేజింగ్ జబాన్‌ను పాతికేళ్లుగా కాపాడుకొస్తున్న బిరాదరీ ముందు దీంతో ఒక సవాల్ వచ్చింది. ఈ తహ్రీక్‌కి తన పేరుతో హిమాయత్ ప్రకటించాలా, వద్దా?

ఇత్తెఫాక్ ఏమిటంటే, ఆ బిరాదరీ తారీఖ్ కూడా ఒక జనవరి 4నే మొదలైంది. 1999లో ఆ రోజు జెరెమీ మిల్లర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 'జాబర్' సంగతి లోకానికి చెప్పాడు. అప్పటికి ఏఓఎల్‌ది ఒక హవేలీ, యాహూది ఇంకో హవేలీ. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన మెసెంజర్ ఏఓఎల్ వాళ్లతో కూడా మాట్లాడేలా చేస్తే, ఏఓఎల్ ఆ దారి మూసేసింది. వీళ్లు తెరవడం, వాళ్లు మూయడం కొన్నాళ్లు సాగింది. మిల్లర్ దారి వేరు. ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌తో మాట్లాడుతుంది. చిరునామా ఈమెయిల్ చిరునామాలాగే ఉంటుంది. 2001లో దీనికోసం ఒక ఫౌండేషన్ ఏర్పడింది. ఇంటర్నెట్ ప్రమాణాలు ఖరారు చేసే ఐఈటీఎఫ్ 2004లో దీన్ని ఎక్స్‌ఎంపీపీ పేరుతో ప్రచురించింది.

2005 ఆగస్టులో గూగుల్ టాక్ ఇదే జబాన్ మీద వచ్చింది. 2006 జనవరిలో బయటి సర్వర్లకూ దర్వాజా తెరిచింది. సొంత సర్వర్ పెట్టుకున్నవాడు జీమెయిల్ వాడే దోస్త్‌తో హాయిగా మాట్లాడగలిగాడు. 2013 మేలో గూగుల్ హ్యాంగౌట్స్ తెచ్చింది, బయటి సర్వర్లతో రాబ్తా తెంచుకునే దారి పట్టింది. ఫేస్‌బుక్ 2010లో తన చాట్‌కి ఎక్స్‌ఎంపీపీ కిటికీ ఒకటి పెట్టి, 2015లో మూసేసింది. వాట్సప్ కిస్సా ఇంకా అజీబ్. 2009లో మొదలైన ఆ కంపెనీ ఈ జబాన్‌నే తనకు తగ్గట్టు మార్చుకుంది. ఈ బిరాదరీలో పుట్టిన ఈజాబర్‌డీ అనే సాఫ్ట్‌వేర్ మీదే తన ఇల్లు కట్టుకుంది. బయటివాళ్లకు మాత్రం గడప దాటే ఇజాజత్ ఇవ్వలేదు. 2014లో ఫేస్‌బుక్ దాన్ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది.

అంటే జబాన్‌లో లోపం లేదు. కోట్ల మంది మీద అది పనిచేస్తుందని ఆ కంపెనీలే సాబిత్ చేశాయి. మాలిక్ మెహర్బానీతో తెరిచిన దర్వాజాను మాలికే మూసేశాడు. ఆపమని అడిగే హక్కు ఎవరికీ లేకపోయింది.

హిమాయత్ వద్దనడానికీ దలీల్ ఉంది. ప్రమాణాలు రాసే సంస్థ అందరిదీ. కంపెనీలూ అవే ప్రమాణాలు వాడుకుంటాయి. అలాంటి సంస్థ ఒక తహ్రీక్ జెండా పట్టుకుంటే నిష్పాక్షికత ఏమవుతుంది? ఇంకో దలీల్ సిగ్నల్ స్థాపకుడు మాక్సీ మార్లిన్‌స్పైక్ 2016లో చెప్పినది. ఎన్నో సర్వర్లు, ఎన్నో యాప్‌లు ఉన్నచోట ఒక మార్పు అందరికీ చేరడానికి ఏళ్లు పడుతుంది, ఒకే చేతిలో ఉన్నది త్వరగా మెరుగవుతుంది అన్నాడు. ఇది కొట్టిపారేసే మాట కాదు. సందేశానికి తాళం వేసి పంపే ఒమెమో పద్ధతి ఎక్స్‌ఎంపీపీ లోకంలోకి 2015లో వచ్చింది. ఇప్పటికీ అన్ని యాప్‌లలో ఒకేలా నడవదు.

అయినా నా రాయ్ హిమాయత్ వైపే. మంచి ప్రమాణం రాసి ఊరుకుంటే ఆజాదీ దక్కదని 2013 చూపించింది. దాని వెనుక జనం నిలబడాలి, చట్టం నిలబడాలి. యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ కింద వాట్సప్ వేరే సేవలు అడిగితే దర్వాజా తెరవాల్సిన బాధ్యత 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. 2025 నవంబర్‌లో బర్డీచాట్, హైకెట్ అనే రెండు చిన్న యాప్‌లతో అక్కడ అది మొదలవుతుందని మెటా ప్రకటించింది. ఫ్రాన్స్ హుకూమత్ 2019లోనే తన ఉద్యోగుల కోసం మ్యాట్రిక్స్ అనే ఇంకో ఉమ్మడి జబాన్ మీద 'చాప్' అనే మెసెంజర్ పెట్టుకుంది. చట్టం అడిగినప్పుడు దర్వాజా కొంతైనా కదులుతోంది.

హిమాయత్‌కి ఒక షర్త్ మాత్రం ఉండాలి. ఒక హవేలీ వదిలి ఇంకో హవేలీలోకి మారడాన్ని ఆజాదీ అనకూడదు. సిగ్నల్ లాభం కోసం నడిచేది కాదు, నీయత్ మంచిదే. కానీ అదీ ఒకే ఇల్లు. రేపు మాలిక్ మారితే? బిరాదరీ 'మా యాప్‌కి రండి' అని పిలవడం కంటే, 'ఎక్కడున్నా ఎవరితోనైనా మాట్లాడే హక్కు అడగండి' అని చెప్పాలి.

ఇది జర్మనీ వాళ్ల గొడవ అనుకోకండి. 2021లో కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే మన దేశంలో వాట్సప్ వాడేవాళ్లు 53 కోట్లు. ఆ ఏడాది జనవరిలోనే కొత్త ప్రైవసీ షర్తులు వచ్చాయి, ఒప్పుకో లేకపోతే వెళ్లిపో అన్న ధోరణిలో. దానిమీద కాంపిటిషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటాకి 213.14 కోట్ల రూపాయల జుర్మానా వేసింది. మరి వెళ్లిపోతే ఎక్కడికి? దాదీమా ఖైరియత్, దుబాయ్‌లో ఉన్న కొడుకు ఫొటో, షాదీ రుఖా, మస్జిద్ కమిటీ ఎలాన్, ఆఖరికి జనాజా ఖబర్ కూడా ఆ ఒక్క దర్వాజాలోంచే వస్తున్నాయి. ఒక్కరు బయటికెళ్తే ఖాందాన్ మొత్తానికి దూరమవుతారు. అందుకే మజ్బూరీగా అందరం 'ఒప్పుకుంటున్నాం' నొక్కాం.

ఈ మజ్బూరీని ఒంటరిగా ఎవరూ తెంచుకోలేరు. ఖాందాన్‌లో నలుగురు కలిసి ఒక ఇత్వార్ ఇంకో దారి తెరిచి చూడొచ్చు, పాతది మూయకుండానే. మన ఎంపీని కలిసినప్పుడు యూరప్‌లో ఉన్న హక్కు మనకెందుకు లేదని అడగొచ్చు. మద్రాసు మామూకి ఖత్ రాయడానికి వేరే సర్కార్ స్టాంపు కొనాల్సిన రోజులు మన బుజుర్గులు చూశారు. ఆ హద్దు దానంతటది పోలేదు, రెండు టపాలను కలిపే ఫైసలా జరిగాకే పోయింది.